మూడో క్రోమోజోమ్‌లో రాలిపోయిన ముక్క

నలభై ఏళ్లకే ఒక మనిషి కిడ్నీలో క్యాన్సర్ గడ్డ కనబడితే, ఆపరేషన్ సంగతితో పాటు ఈమధ్య డాక్టర్లు ఇంకో మాట కూడా అడుగుతున్నారు: "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? జన్యు పరీక్ష చేయించుకుంటారా?" 46 ఏళ్లకు గానీ అంతకు ముందు గానీ ఈ జబ్బు వస్తే ఆ పరీక్ష ఆలోచించమని అమెరికా క్యాన్సర్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ ప్రశ్న వినగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్ మొదలవుతుంది. పిల్లలకూ వస్తుందా, తమ్ముడికి చెప్పాలా వద్దా అని. ఈ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే కాస్త నిబ్బరంగా వినగలుగుతామని నా నమ్మకం.

ముందే ఒక మాట. కిడ్నీ క్యాన్సర్ రోగుల్లో ఇది వంశపారంపర్యంగా వచ్చేది సుమారు నూటికి ఐదు నుంచి ఎనిమిది మందికే. మిగతావాళ్లు ఈ లోపంతో పుట్టలేదు. బతికే క్రమంలో కిడ్నీ కణాల్లో ఒకదాని తర్వాత ఒకటిగా చేరిన మార్పులు వాళ్లను జబ్బుపాలు చేశాయి. అయినా ఇంతమందికి వచ్చే జబ్బు గుట్టు తెలిసింది ఆ కొద్ది కుటుంబాల వల్లే. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది అదే.

కిడ్నీ క్యాన్సర్లలో నాలుగింట మూడు వంతులు ఒకే రకం. ఆ గడ్డ ముక్కను పల్చగా కోసి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడితే కణాలు ఖాళీ గదుల్లా తెల్లగా కనిపిస్తాయి. నిజానికి అవి ఖాళీవి కావు. వాటి నిండా కొవ్వూ, గ్లైకోజన్ అనే నిల్వ చక్కెరా ఉంటాయి. స్లైడ్ తయారుచేసేటప్పుడు వాడే ద్రవాల్లో అవి కరిగిపోతాయి, గోడలు మాత్రం మిగులుతాయి. అందుకే దానికి క్లియర్ సెల్ అని పేరు. 1883లో పాల్ గ్రావిట్జ్ అనే జర్మన్ పాథాలజిస్టు ఆ కొవ్వును చూసి, ఇది కిడ్నీలో పుట్టిన గడ్డ కాదు, దాని మీద టోపీలా కూర్చునే అడ్రినల్ గ్రంథి తాలూకు తునక అనుకున్నాడు. ఆ పొరపాటు చాలాకాలం ఆ గడ్డ పాత పేరులో ఉండిపోయింది. కణం లోపల ఏం చెడిందో చూసే సాధనం అప్పట్లో ఎవరి దగ్గరా లేదు.

దారి చూపింది కిడ్నీ డాక్టర్లు కాదు, ఒక కంటి డాక్టరు. జర్మనీకి చెందిన యూజెన్ వాన్ హిప్పెల్ 1904లో కంటి వెనక రెటీనాలో రక్తనాళాలు ముద్దకట్టి పెరిగే జబ్బు గురించి రాశాడు. 1926లో స్వీడన్ పాథాలజిస్టు ఆర్విడ్ లిండావ్ అలాంటి ముద్దలే చిన్నమెదడులోనూ వస్తాయని, ఈ రెండూ ఒకే జబ్బు ముఖాలని చూపించాడు. అదే వాన్ హిప్పెల్ లిండావ్ జబ్బు, పొట్టిగా వీహెచ్ఎల్. సుమారు 36 వేల మందిలో ఒకరికి ఉంటుంది. తల్లికో తండ్రికో ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం. చూపు పోయేది కొందరికి, తూలిపడేది కొందరికి. ఈ కుటుంబాల్లో చాలామంది ప్రాణాలు తీసేది మాత్రం కిడ్నీ క్యాన్సరని తర్వాత తర్వాత తెలిసింది.

జన్యువుల వైపు మొదటి గట్టి ఆధారం వేరే కుటుంబంలో దొరికింది. 1979లో బోస్టన్ వైద్యులు ఒకే ఇంట్లో పదిమందికి కిడ్నీ క్యాన్సర్ వచ్చిన సంగతి ప్రచురించారు. వాళ్ల రక్తకణాల్లో క్రోమోజోమ్‌లు చూస్తే, మూడో క్రోమోజోమ్ నుంచి ఒక ముక్క, ఎనిమిదో దాని నుంచి ఒక ముక్క తెగి, ఒకదాని చోట ఒకటి అతుక్కుని ఉన్నాయి. ఆ ఇంట్లో ఈ తారుమారు లేని వాళ్లెవరికీ క్యాన్సర్ రాలేదు. ఎక్కడ వెతకాలో అప్పుడు తెలిసింది: మూడో క్రోమోజోమ్‌లో, దాని పొట్టి చేతిలో, అంటే దాని రెండు భాగాల్లో పొట్టిదానిలో.

ఎలా వెతకాలో అంతకుముందే ఆల్ఫ్రెడ్ నడ్సన్ చెప్పాడు. పిల్లల కంట్లో వచ్చే ఒక క్యాన్సర్ లెక్కలు చూసి 1971లో ఆయన రెండు దెబ్బల సిద్ధాంతం రాశాడు. క్యాన్సర్‌ను అడ్డుకునే జన్యువు మనకు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. ఒకటి పోయినా రెండోది కాపు కాస్తుంది. రెండూ పోతేనే కణం అదుపు తప్పుతుంది. వంశపారంపర్యంగా వచ్చినవాళ్లు ఒక దెబ్బ తిని పుడతారు, అందుకే వాళ్లకు చిన్న వయసులో, తరచూ రెండు కిడ్నీల్లోనూ వస్తుంది. మిగతావాళ్లకు రెండు దెబ్బలూ ఒకే కణంలో పడాలి, దానికి ఏళ్లు పడుతుంది.

అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో బెర్టన్ జబార్, సర్జన్ మార్స్టన్ లినెహన్ ఈ దారి పట్టారు. మామూలు కిడ్నీ క్యాన్సర్ రోగుల గడ్డనూ, వాళ్ల ఆరోగ్యకరమైన కణజాలాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, గడ్డల్లో మూడో క్రోమోజోమ్ పొట్టి చేతి భాగం పోయిందని 1987లో తేలింది. మరుసటి ఏడాది వీహెచ్ఎల్ జబ్బు జన్యువు కూడా ఆ చేతిలోనే ఉందని ఇంకో బృందం చూపింది. ఆ తర్వాత ఐదేళ్లూ కుటుంబాల పనే. ఒక్కొక్క ఇంటి వంశవృక్షం గీయడం, తాతల నుంచి మనవల దాకా కళ్లు చూడడం, స్కాన్ తీయడం, రక్తం తీసుకోవడం. తమకు ఉందో లేదో తెలియకుండానే, ఉందని తేలితే ఇచ్చే మందు లేకపోయినా, వాళ్లు చెయ్యి చాచి రక్తం ఇచ్చారు. బహుమతుల జాబితాల్లో కనిపించకపోయినా ఈ కథలో పెద్ద పాత్ర వాళ్లదేనని నేను అంటాను.

1993లో జన్యువు దొరికింది. చాలా చిన్నది. అది తయారుచేసే ప్రొటీన్‌లో 213 అమైనో ఆమ్లాలే. అప్పటిదాకా తెలిసిన ఏ ప్రొటీన్‌తోనూ పోలిక లేదు, కాబట్టి ఏం పని చేస్తుందో ఎవరూ చెప్పలేకపోయారు. 1994లో అసలు మలుపు వచ్చింది. ఇంట్లో ఎవరికీ జబ్బు లేని మామూలు రోగుల క్లియర్ సెల్ గడ్డల్లోనూ ఎక్కువ భాగం ఇదే జన్యువు చెడి ఉంది. 36 వేల మందిలో ఒకరి జబ్బు ఒక్కసారిగా లక్షలాది మంది జబ్బుకు తాళంచెవి అయింది.

మరి ఆ ప్రొటీన్ పనేంటి? బోస్టన్‌లో విలియం కేలిన్ ఒక విషయం పట్టుకున్నాడు. వీహెచ్ఎల్ గడ్డల నిండా రక్తనాళాలే. కొందరిలో ఎర్రకణాలు కూడా మోతాదు మించి ఉంటాయి, ఎందుకంటే గడ్డ ఎర్రకణాలను పెంచే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్‌ను తయారుచేస్తుంది. కొత్త రక్తనాళాలు, ఎక్కువ ఎర్రకణాలు, ఈ రెండూ ఒంటికి ఆక్సిజన్ చాలనప్పుడు జరిగేవి. అంటే, గాలి సరిపడా ఉన్నా ఈ కణానికి ఊపిరాడడం లేదనే భ్రమ. అటు గ్రెగ్ సెమెంజా అప్పటికే ఆక్సిజన్ తగ్గినప్పుడు పైకి లేచే హిఫ్ అనే ప్రొటీన్‌ను కనుగొన్నాడు. 1999లో ఇంగ్లండ్‌లో పీటర్ రాట్‌క్లిఫ్ బృందం వీహెచ్ఎల్ నేరుగా హిఫ్‌ను పట్టుకుంటుందని చూపింది. ఎలా పట్టుకుంటుందో 2001లో తెలిసింది. ఆక్సిజన్ ఉన్నప్పుడు హిఫ్ మీద ఒక చిన్న గుర్తు పడుతుంది, ఆ గుర్తును చూసి వీహెచ్ఎల్ దాన్ని కణంలోని చెత్తబుట్టకు పంపిస్తుంది. వీహెచ్ఎల్ లేకపోతే గుర్తు పడినా పంపించేవాళ్లు లేరు. హిఫ్ పేరుకుపోతుంది, రక్తనాళాలను రమ్మని పిలుస్తూనే ఉంటుంది. ఈ ముగ్గురికీ 2019లో నోబెల్ వచ్చింది.

అయితే వీహెచ్ఎల్ ఒక్కటి పోతే చాలదు. ఆ జబ్బుతో పుట్టినవాళ్ల కిడ్నీల్లో రెండో దెబ్బ తిన్న చిన్న చిన్న గుంపులు ఎన్నో ఉంటాయి, క్యాన్సరయ్యేవి వాటిలో కొన్నే. మిగతా జవాబు 2010 తర్వాత, గడ్డల డీఎన్ఏ మొత్తం చదవడం మొదలయ్యాక దొరికింది. సెట్‌డీ2, పీబీఆర్ఎం1, బాప్1 అనే మూడు జన్యువులు కూడా తరచుగా చెడుతున్నాయి. ఈ మూడూ మూడో క్రోమోజోమ్ పొట్టి చేతి మీదే, వీహెచ్ఎల్‌కు ఇరుగుపొరుగునే ఉన్నాయి. క్లియర్ సెల్ గడ్డల్లో నూటికి తొంభైకి పైగా ఈ చెయ్యి ఊడిపోయి ఉంటుంది. ఆ ఒక్క ముక్కతో నాలుగు కావలి జన్యువుల్లో ఒక్కో ప్రతి పోతుంది, రెండో ప్రతులకు పడే దెబ్బలు తర్వాత ఏళ్ల మీద వస్తాయి.

ఆ ముక్క ఎప్పుడు ఊడుతుందో 2018లో బ్రిటన్ శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. చాలామందిలో అది చిన్నతనంలోనో, మీసాలు మొలిచే వయసులోనో జరిగిపోతుంది, అదీ కొన్ని వందల కణాల్లోపే. గడ్డ బయటపడేది దశాబ్దాల తర్వాత. "నేనేం తప్పు చేశాను డాక్టర్?" అని కుమిలిపోయే అరవై ఏళ్ల మనిషికి ఈ సంగతి ఎవరైనా విడమరచి చెప్పాలి. పొగ తాగడం, ఊబకాయం, బీపీ ముప్పును పెంచే మాట నిజమే, వాటిని అదుపులో పెట్టుకోవాల్సిందే. కానీ మొదటి అడుగు ఆయన నిక్కర్లు వేసుకునే రోజుల్లోనే పడి ఉండొచ్చు.

వేరే కుటుంబాలు వేరే జన్యువులను చూపించాయి. ఏడో క్రోమోజోమ్ మీది మెట్ 1997లో, ఫ్యూమరేట్ హైడ్రటేజ్, ఫాలిక్యులిన్ 2002లో. ఇవన్నీ పేర్ల గోలలా అనిపించొచ్చు గానీ, కత్తి ఎప్పుడు పట్టాలో చెప్పేది ఆ పేరే. వీహెచ్ఎల్ ఉన్న మనిషికి గడ్డ మూడు సెంటీమీటర్లు అయ్యేదాకా సాధారణంగా ఆగుతారు, పదే పదే కోస్తే కిడ్నీయే మిగలదు కాబట్టి. ఫ్యూమరేట్ హైడ్రటేజ్ లోపంతో వచ్చే గడ్డ చిన్నగా ఉన్నప్పుడే పాకుతుంది, అక్కడ ఆగకూడదు. జన్యు పరీక్ష అడగడానికి పెద్ద కారణం ఇదే.

మందుల వైపు 2005 చివర్లో సొరాఫెనిబ్, 2006 మొదట్లో సునిటినిబ్ వచ్చాయి. అవి హిఫ్ పిలిచే రక్తనాళాల దారి మూస్తాయి. హిఫ్‌నే నేరుగా పట్టే మందు అసాధ్యమని అనుకునేవారు. డల్లస్‌లోని యూటీ సౌత్‌వెస్టర్న్ శాస్త్రవేత్తలు హిఫ్‌లో ఒక రకమైన హిఫ్-2 ప్రొటీన్ లోపల ఒక చిన్న గుంట కనిపెట్టారు. ఆ గుంటలో ఇమిడే మందు చేయాలన్న ప్రయత్నమే చివరికి బెల్జుటిఫాన్ అయింది. 61 మంది వీహెచ్ఎల్ రోగులకు ఇస్తే దాదాపు సగం మందిలో కిడ్నీ గడ్డలు బాగా తగ్గాయి. 2021 ఆగస్టులో అమెరికా దాన్ని మొదట ఆ కుటుంబాల జబ్బుకే అనుమతించింది, 2023 డిసెంబరులో ముదిరిన మామూలు కిడ్నీ క్యాన్సర్‌కు కూడా.

ఆ 61 మందికి మందు ఇచ్చి చూసిన పరీక్షలో పదిమందికి తొమ్మిదిమందిలో కనిపించిన ఇబ్బంది రక్తహీనత. హిఫ్-2ను ఆపితే ఎరిత్రోపోయిటిన్ తగ్గుతుంది, దాంతో ఎర్రకణాలూ తగ్గుతాయి. అందుకే ఈ మందు వేసుకునేవాళ్లకు డాక్టర్లు తరచూ హిమోగ్లోబిన్ చూస్తూ ఉంటారు. రక్తం ఇచ్చి జన్యువును పట్టించిన ఆ ఇళ్లవాళ్లు, ఇప్పుడు మందు పనిచేస్తున్నా మళ్లీ రక్తం ఇస్తూనే ఉన్నారు.