మొదటి బ్యాటు కొనబోయే పిల్లలకు

బ్రాడీపేట,
గుంటూరు.

చిరంజీవులైన మన అపార్ట్‌మెంటు పిల్లలకు తాతగారి ఆశీస్సులు.

సెల్లారులో టేబుల్ టెన్నిస్ టేబుల్ వేయించిన నాటి నుంచి మీరు నలుగురూ ఫోను ముందేసుకుని బ్యాట్ల బొమ్మలు చూస్తున్నారనీ, ఏది కొనాలో తేల్చుకోలేక నన్ను అడగమని మీ అమ్మలతో చెప్పారనీ తెలిసింది. మెట్ల మీద నిలబడి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు కనుక ఉత్తరం రాస్తున్నాను.

మొదటి బ్యాటు నెమ్మదైనదే కావాలి. వేగమైన బ్యాటు చేతిలో ఉంటే, బంతి మీ చేతి తప్పువల్ల బయటికి పోయిందో, బ్యాటు విసురువల్ల పోయిందో మీకే తెలియదు. తెలియని తప్పును దిద్దుకోవడం ఎవరి తరమూ కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను సరిగ్గా ఈ పొరపాటే చేశాను. మొదటి బోనస్ రాగానే విజయవాడ వెళ్లి, కొట్టువాడు వద్దని చెబుతున్నా వినకుండా, కార్బన్ పొర ఉన్న చెక్కా, దానికి దొరికినంతలో అన్నిటికన్నా మందమైన స్పాంజి రబ్బర్లూ తెచ్చుకున్నాను. ఆ సాయంత్రం క్లబ్బులో నేను కొట్టిన బంతుల్లో టేబుల్ మీద పడినవాటికన్నా గోడకు తగిలినవే ఎక్కువ. పట్టుదలకు పోయి ఆరు నెలలు దానితోనే ఆడి, బంతి ఎక్కడ బయటికి పోతుందో అన్న భయంతో చేతిని సగంలోనే ఆపడం అలవాటు చేసుకున్నాను. బ్యాటు మార్చినా ఆ అలవాటు పోలేదు. నా ఫోర్‌హ్యాండు చూసి మీరు చాటుగా నవ్వుకునేది దాని గురించే.

బ్యాటులో చెక్క భాగాన్ని బ్లేడు అంటారు. నిబంధనల ప్రకారం దాని మందంలో కనీసం 85 శాతం సహజమైన కలప ఉండాలి. మిగిలినదాంట్లో కార్బన్ వంటి పీచు పొరలు ఉండవచ్చు. మీకు ఆ పొరలు అక్కరలేదు. అయిదు పొరల కలపతో చేసినదాన్నే అడగండి, దానినే ఫైవ్ ప్లై అంటారు. అది బంతి తగిలినప్పుడు కొద్దిగా వంగుతుంది, ఆ తాకిడి అరచేతికి తెలుస్తుంది. బ్లేడు బరువు 85 గ్రాముల దగ్గర ఉంటే చాలు. రెండు వైపులా రబ్బర్లు అంటిస్తే మొత్తం 170 గ్రాముల దగ్గరకు వస్తుంది, మీలో చిన్నవాళ్లకు అదే ఎక్కువ. పిడి విషయంలో ఎవరి మాటా వినకండి, నా మాట కూడా. చివర విచ్చుకున్న పిడి కొందరికి, నిటారు పిడి కొందరికి కుదురుతుంది. కొట్టులో అయిదు నిమిషాలు పట్టుకుని చూస్తే మీ చెయ్యే చెబుతుంది.

అసలు కథంతా రబ్బరుది, అంటే చెక్కకు అంటించే, కింద స్పాంజీ పైన రబ్బరు పొరా ఉన్న షీటుది. 1952లో బొంబాయిలో ప్రపంచ పోటీలు జరిగినప్పుడు జపాన్ నుంచి వచ్చిన హిరోజీ సాతో దళసరి స్పాంజి అంటించిన బ్యాటుతో ఆడి గెలిచాడు. అంతవరకు బంతి తగిలిన చప్పుడును బట్టి దెబ్బ బలాన్ని అంచనా వేసుకున్న ఆటగాళ్లకు, చప్పుడే చేయని ఆ బ్యాటు అంతుపట్టలేదు. ఆ గొడవ సాగి సాగి, 1959లో రబ్బరూ స్పాంజీ జిగురూ కలిపి ఒక్కో వైపు 4 మిల్లీమీటర్లకు మించరాదని నియమం పెట్టారు. నేటికీ అదే కొలత.

స్పాంజి పలచగా ఉంటే చెక్క త్వరగా అందుతుంది, బంతి అదుపులో ఉంటుంది. మందంగా ఉంటే బంతి లోపలికి దిగి, స్ప్రింగు మీద నుంచి లేచినట్టు ఎగురుతుంది. కాబట్టి 1.5 నుంచి 1.8 మిల్లీమీటర్ల లోపు తీసుకోండి. మ్యాక్స్, అంటే అన్నిటికన్నా మందం, అని రాసి ఉన్న ప్యాకెట్టు జోలికి పోవద్దు. పైపొర మాత్రం బంతిని పట్టేదిగా ఉండాలి, లేకపోతే స్పిన్ నేర్చుకోలేరు. యసాకా మార్క్ ఫైవ్ వంటి పాతకాలపు నునుపు రబ్బరు మీకు చక్కగా సరిపోతుంది. చైనావారి బంకపట్టు రబ్బర్లు మంచివే గాని, ఒళ్లంతా తిప్పి కొట్టేవాడికి తప్ప లొంగవు. ప్యాకెట్టు మీద వేగం ఇంత, కంట్రోల్ ఇంత అని వేసిన అంకెలు ఏ కంపెనీవి ఆ కంపెనీవే. ఒకరి తొమ్మిదిని మరొకరి తొమ్మిదితో పోల్చడం అరటిపండును తూచి మామిడి ధర కట్టడం వంటిది.

మన దేశపు క్రీడాకారిణి మనికా బత్రా బ్యాక్‌హ్యాండు వైపు పొడుగు బుడిపెల రబ్బరు వాడుతుందని మీలో ఒకరు నాతో వాదించారు. నిజమే. అది ఎదుటివారి స్పిన్‌ను వారికే తిరగేసి పంపుతుంది. అయితే వచ్చే స్పిన్‌ను చదవడం వచ్చాక ఆ రబ్బరు ఆయుధం అవుతుంది, రాకముందు చేతికి అడ్డమవుతుంది.

రంగుల సంగతి చెప్పి ముందుకు పోతాను. ఒక వైపు నలుపు తప్పనిసరి. రెండో వైపు ఎరుపే ఉండాలన్న పాత నియమం 2021లో సడలింది కనుక గులాబీ, ఊదా, ఆకుపచ్చ, నీలం కూడా చెల్లుతాయి. ఎవరైనా పోటీలకు వెళ్లే ఆలోచనలో ఉంటే, రబ్బరు మీద అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ సమాఖ్య ముద్ర ఉందో లేదో చూసుకోండి. చవక రెడీమేడ్ బ్యాట్లలో చాలావాటికి అది ఉండదు. సెల్లారులో ఆడుకోవడానికి ముద్రతో పని లేదు.

బంతులు మాత్రం చవకవి కొనకండి. 40 మిల్లీమీటర్ల వ్యాసం, 2.7 గ్రాముల బరువు ఉన్న మూడు నక్షత్రాల ప్లాస్టిక్ బంతులు అరడజను చాలు. ఒకదాన్ని టేబుల్ మీద వేళ్లతో బొంగరంలా తిప్పి చూడండి, ఊగకుండా తిరిగితే గుండ్రంగా ఉన్నట్టు. అదే బంతిని స్కేలు ఆనించి 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి టేబుల్ మీదకు వదలండి. సుమారు 23 సెంటీమీటర్లు లేవాలి. నిన్న రాత్రి మీరు పడుకున్నాక నేను మన టేబుల్‌ను నాలుగు మూలలా ఇలా పరీక్షించాను. లిఫ్టు వైపు మూల కొంచెం నీరసంగా ఉంది, కాళ్లు సరిచేయించాలి.

మన ఎండలు బ్యాట్లకు పగ. ఒక వేసవి మధ్యాహ్నం స్కూటరు డిక్కీలో మరచిపోయిన నా బ్యాటు, సాయంత్రం తీసేసరికి అంచులు లేచి ఎండిన అప్పడంలా ముడుచుకుంది. ఆడాక తడి స్పాంజితో దుమ్ము తుడిచి, పలచని ప్లాస్టిక్ కాగితం కప్పి, ఇంట్లో నీడపట్టున పెట్టండి. స్పిరిట్, సబ్బు తగలనివ్వద్దు.

బ్లేడూ రబ్బర్లూ విడివిడిగా కొనుక్కుని ఆదివారం పొద్దున మా ఇంటికి రండి, అంటించడం నేను చూపిస్తాను. నీటి జిగురు పాలలా తెల్లగా ఉంటుంది. చెక్కకూ స్పాంజికీ పలచగా రాసి, ఆ తెలుపు పోయి అద్దంలా కనబడేదాకా ఆగి, అప్పుడు పిడి వైపు నుంచి పైకి అప్పడాల కర్రతో దొర్లించాలి. అమ్మమ్మ కొత్త కర్ర కొనుక్కుంది కనుక పాతది మనకు ఇచ్చేసింది. కత్తెర మాత్రం మీరే తెచ్చుకోండి, రబ్బర్లను ఇంటి దగ్గరే కత్తిరించి తీసుకురావద్దు.

మీ తాతగారు