ఖాళీ స్థలంలో తేనెటీగల పెట్టెలు: అపోహలు – వాస్తవాలు

విశాఖపట్నం చుట్టూ ఆనందపురం, పద్మనాభం, సబ్బవరం మండలాల్లో తోటలో, స్థలాలో కొని ఉంచుకున్నవారు తరచుగా ఫోన్ చేసి, "మా జాగా ఖాళీగానే ఉందండీ, మీ పెట్టెలు తెచ్చి పెట్టుకోండి" అంటున్నారు. పన్నెండేళ్లుగా పుట్ట తేనెటీగలను, అంటే పెట్టెల్లో పెంచగల మన దేశీ జాతి ఈగలను, పెంచుతున్న నాకు ఇంతకన్నా సంతోషం కలిగించే మాట లేదు. అయితే ఆ మాటతో పాటు కొన్ని అపోహలు కూడా వస్తుంటాయి. వాటిలో కొన్ని స్థలదారును అనవసరంగా భయపెడతాయి, మరికొన్ని నేరుగా ఈగల ప్రాణాల మీదికే తెస్తాయి.

అపోహ: పెట్టెలు రాకముందే స్థలాన్ని శుభ్రం చేయించి ఇవ్వాలి.

వాస్తవం: నేను చూసినవాటిలో అత్యంత నష్టం చేసిన అపోహ ఇదే. రెండేళ్ల క్రితం పద్మనాభం వైపు ఒక పెద్దాయన తన నలభై సెంట్ల స్థలం ఇస్తానన్నారు. వెళ్లి చూస్తే గట్ల నిండా గడ్డి చామంతి, తుమ్మి, అత్తిపత్తి విరగబూసి ఉన్నాయి. పది రోజుల తర్వాత ఆరు పెట్టెలతో వెళ్లేసరికి, ఆయన నా మీది గౌరవంతో కలుపు మందు కొట్టించి, జేసీబీతో నేలంతా చదును చేయించి ఉంచారు. ఏమీ అనలేకపోయాను. ఆ రోజుల్లో ఉదయం పూట పెట్టె గుమ్మం దగ్గర కూర్చుని చూస్తే, మామూలుగా వెనక కాళ్లకు పసుపు, నారింజ రంగుల పుప్పొడి ముద్దలతో బరువుగా వచ్చి వాలే కూలి ఈగలు ఉత్త కాళ్లతో తిరిగి వస్తుండేవి. మూడు వారాల్లో రెండు పెట్టెలు ఖాళీ అయ్యాయి. మేత కరువైనా, కదలిక ఎక్కువైనా పుట్ట తేనెటీగ రాణితో సహా గూడు వదిలి లేచిపోతుంది. అది దాని స్వభావం. మనం కలుపు అని పిలిచేది వానాకాలంలో వాటికి ముఖ్యమైన ఆహారం. కాబట్టి పెట్టెల ముందు నడవడానికి దారి మాత్రం కోయించి, మిగిలినది దయచేసి అలాగే వదిలేయండి.

అపోహ: ఎకరాల కొద్దీ భూమి ఉంటేనే తేనెటీగలు బతుకుతాయి.

వాస్తవం: పెట్టెలు ఆనడానికి రెండు సెంట్లు చాలు. పుట్ట తేనెటీగ సాధారణంగా ఒక కిలోమీటరు దూరంలోపల మేత వెతుక్కుంటుంది. ఆ వ్యాసార్ధంతో గీసిన వలయంలో 314 హెక్టార్లు, అంటే సుమారు 775 ఎకరాలు ఉంటాయి. అందువల్ల మీ స్థలం విలువ దాని విస్తీర్ణంలో కన్నా దాని చుట్టూ ఏముందన్న దానిలో ఉంది. భీమిలి తీరంలో ఇసుక నేలలు ఇస్తామనేవారికి ఈ సంగతి ప్రత్యేకంగా చెబుతుంటాను: అక్కడ వలయంలో సగం సముద్రమే, మిగిలిన సగంలో పచ్చగా కనిపించే సరుగుడు తోటలు గాలి ద్వారా పరాగ సంపర్కం జరుపుకునేవి కావడంతో వాటిలో మకరందం దొరకదు. అదే ఊరి లోపలికి రెండు కిలోమీటర్లు జరిగి, కొబ్బరి, జీడిమామిడి, నేరేడు, కానుగ ఉన్న చోట పదిహేను సెంట్లు ఇచ్చినా ఎంతో మేలు.

అపోహ: ఈగలు పూలలో రసం తాగేస్తే కాపు తగ్గుతుంది.

వాస్తవం: మకరందం కాయగా మారే పదార్థం కాదు, కీటకాలను పిలవడానికి మొక్క ఇచ్చే కూలి. వలిసె పైరు తన పుప్పొడితో తాను గింజ కట్టలేదు. పొద్దుతిరుగుడు, గుమ్మడి, దోస వంటి వాటికీ ఈగల రాకపోకలు కావాలి.

అపోహ: పెట్టెలు పెట్టనిస్తే రేపు భూమి మీద హక్కు అడుగుతారు.

వాస్తవం: విశాఖలో భూమి ధరలు తెలిసినవారెవరూ ఈ భయాన్ని తప్పుపట్టలేరు, నేనూ తప్పుపట్టను. అయితే చట్టం ఇక్కడ స్థలదారు పక్షానే ఉంది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇది లైసెన్సు, అంటే ఆస్తిలో ఏ హక్కునూ కల్పించని అనుమతి మాత్రమే. అనుమతితో ఉన్న వ్యక్తి, ఆ అనుమతి కొనసాగినంత కాలం, పన్నెండేళ్లుగా భూమి తన స్వాధీనంలో ఉందన్న పేరుతో హక్కు కోరలేడు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. అనుమతిని నమ్ముకుని సొంత ఖర్చుతో శాశ్వత నిర్మాణం చేసినవారి విషయంలో అనుమతిని రద్దు చేసుకునే వీలు 60వ సెక్షన్ కింద పోతుంది కాబట్టి, సిమెంటు దిమ్మెలు, పక్కా షెడ్లు వేయనివ్వకండి. పెట్టెలకు కావలసింది ఇనుప స్టాండు, చీమలు ఎక్కకుండా దాని కాళ్ల కింద నీళ్ల గిన్నెలు, అంతే. ఎన్ని పెట్టెలు, ఎంత కాలం, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల గడువు అన్నవి ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు చేస్తే మంచిది. పెంపకందారు మధుక్రాంతిలో, అంటే తేనెటీగల పెంపకందారుల నమోదుకు ఉన్న కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో, నమోదైనవారేనా అని అడగడంలో తప్పు లేదు, మేం నొచ్చుకోం.

అపోహ: పెట్టెలుంటే చుట్టుపక్కల వారిని కుట్టి చంపుతాయి.

వాస్తవం: అపార్టుమెంట్ల గోడలకు, నీళ్ల ట్యాంకులకు వేలాడే పెద్ద పట్టు కొండ తేనెటీగలది. గుంపుగా వెంటపడేవి అవి. వాటిని పెట్టెల్లో పెంచలేం. పెట్టెల్లోని పుట్ట తేనెటీగలు చాలా వరకు సాధువులే, అయినా కుట్టవని చెప్పను. కుట్టినప్పుడు ఊపిరి ఆడనంత అలర్జీ వచ్చేవారు ఇంట్లో ఉంటే పెట్టెలు వద్దనే నేను స్వయంగా చెబుతాను. మిగిలినవారికి, గుమ్మం దారి వైపు కాకుండా తోట వైపు తిప్పి, మధ్యలో ఆరడుగుల దడి ఉంచితే ఈగలు తలల పైనుంచి ఎగిరిపోతాయి. పొరుగువారి నుంచి నిజంగా వచ్చే ఫిర్యాదు కుట్టడం గురించి కన్నా నీళ్ల గురించే ఎక్కువ. ఎండాకాలంలో పెట్టెల దగ్గర గులకరాళ్లు వేసిన నీళ్ల తొట్టి లేకపోతే అవి పక్కింటి కుళాయి దగ్గరికి వెళతాయి.

అపోహ: మందు కొట్టే రోజు పెట్టెల మూతలు వేసుకుంటే సరిపోతుంది.

వాస్తవం: మూతతో పని కాదు, మందు కొట్టే వేళతో పని. ఒక జీడి తోటలో, పూత మీద పట్టపగలు పురుగుమందు కొట్టిన మర్నాడు వెళ్లాను. పెట్టె ముందు నేల మీద ఈగలు తివాచీ పరిచినట్టు పడి ఉన్నాయి, ఒక్కొక్కదాని నాలుక బయటికి సాగి ఉంది. విషం తిన్న ఈగ చాలా వరకు అలాగే చనిపోతుంది. అది చూశాక చాలా రోజులు నిద్ర పట్టలేదు. పూత ఉన్న కాలంలో మందు మానలేకపోతే పొద్దుగుంకాక, ఈగలన్నీ లోపలికి చేరాక కొట్టించండి. రెండు రోజుల ముందు మాకు ఒక్క మాట చెబితే రాత్రికి రాత్రి పెట్టెలు తరలించుకుంటాం.

అపోహ: ఎన్ని ఎక్కువ పెట్టెలు పెడితే ప్రకృతికి అంత మేలు.

వాస్తవం: మేత పెరగకుండా పెట్టెలు పెరిగితే మా ఈగలు అడవి ఈగల నోటి కాడ కూడు లాక్కుంటాయి. కంబాలకొండ అభయారణ్యం అంచున స్థలం ఇస్తామన్నప్పుడు నేను నాలుగు పెట్టెలకు మించి పెట్టను. వాటితో పాటు గట్ల మీద మునగ, కుంకుడు, కానుగ మొక్కలు నాటుతామంటేనే ఒప్పుకుంటాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఒక్క రోజులో పడగొట్టిన చెట్లతో పాటు ఈగల మేత కూడా పోయింది.

స్థలం ఇవ్వాలనుకునేవారు నన్ను సాధారణంగా జనవరిలో రమ్మంటారు. అప్పుడు మామిడి, జీడి పూత మీద ఉంటాయి, ఏ తోటయినా బాగానే కనిపిస్తుంది. నేను మాత్రం వినాయక చవితి ముందు, ముసురు పట్టిన రోజుల్లో వస్తానంటాను. ఆ వారంలో మీ గట్టు మీద తుమ్మి పూసి ఉండి, దాని మీద నాలుగు ఈగలు వాలుతుంటే, ఆ సాయంత్రమే స్టాండ్లు తెస్తాను.