మాస్టారు లేని సబ్జెక్టు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మీ ప్రశ్న నాకు నచ్చింది. స్కూలు పుస్తకాలే మోయలేక చస్తుంటే, స్కూల్లో ఎవరూ చెప్పని కాలేజీ స్థాయి సబ్జెక్టును సొంతంగా చదివి పరీక్ష రాసేవాళ్లకు వేరే పని లేదా అని అడిగారు. వాళ్లకు చాలా కారణాలు ఉంటాయి. అన్నీ గొప్పవి కావు. జీవితమంతా జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పినవాణ్ని కాబట్టి నా ఇష్టాయిష్టాలు మధ్యలో దూరతాయి, ఓపిక పట్టండి.

మీరు విన్నది అమెరికా వాళ్ల అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షల గురించి. కాలేజ్ బోర్డ్ అనే సంస్థ ఏటా మే నెలలో వాటిని నిర్వహిస్తుంది. కాలిక్యులస్ నుంచి సైకాలజీ దాకా దాదాపు 40 సబ్జెక్టులున్నాయి. ఫలితం 1 నుంచి 5 వరకు ఒక అంకెగా వస్తుంది. ఈ ఏర్పాటు 1950లలో మొదలైంది. హైస్కూలు చివరి రెండేళ్లలో నేర్చుకున్నదాన్నే కాలేజీ మొదటి సంవత్సరంలో మళ్లీ చదవాల్సి వస్తోందని అక్కడి కొన్ని పేరున్న స్కూళ్లు, యూనివర్సిటీలు గమనించాయి. వచ్చిన పాఠాన్నే మళ్లీ వినిపించడం దేనికి, పరీక్ష పెట్టి తేల్చుకుంటే సరిపోతుంది కదా అనుకున్నాయి. 1955లో కాలేజ్ బోర్డ్ ఆ బాధ్యత తీసుకుంది. చాలా సబ్జెక్టులకు పరీక్ష రాయాలంటే ఆ కోర్సు క్లాసులో కూర్చుని తీరాలన్న నియమం లేదు. సెమినార్, రీసెర్చ్ వంటి ఒకటి రెండింటికి మాత్రం ఏడాది పొడవునా స్కూల్లోనే పని చేయాలి.

ఆ వెసులుబాటు ఉంది కాబట్టే సొంత చదువు. స్కూల్లో ఆ సబ్జెక్టు ఉండదు, లేదా ఉన్నా టైంటేబుల్లో రెండు ఇష్టమైన క్లాసులు ఒకే పీరియడ్‌లో పడతాయి. ఇంకొందరిది డబ్బు లెక్క. మంచి స్కోరు వస్తే చాలా యూనివర్సిటీలు కాలేజీ క్రెడిట్ ఇస్తాయి, ఆ కోర్సు చదివేసినట్టే లెక్క వేస్తాయి. అంటే ఒక కోర్సు ఫీజు మిగిలినట్టే. అమెరికాలో పరీక్ష ఫీజు సుమారు 100 డాలర్లు, బయటి దేశాల్లో ఇంకొంచెం ఎక్కువ. అక్కడి కోర్సు ఫీజుతో పోలిస్తే ఇది ఏ మూలకు! డబ్బు కోసం చదవడంలో నాకు తప్పేమీ కనిపించదు. మన విశాఖ పోర్టులోనూ షిప్‌యార్డులోనూ పనిచేస్తూ ప్రైవేటుగా బీఏ కట్టి ప్రమోషన్లు తెచ్చుకున్నవాళ్లను ఈ ఊరు బోలెడుమందిని చూసింది. అయితే క్రెడిట్ నియమం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. కాలిక్యులస్‌లో ఏబీ, దానికంటే పైస్థాయిదైన బీసీ అని రెండు పరీక్షలున్నాయి. బీసీలో 5 వస్తే ఎంఐటీ అనే అమెరికా యూనివర్సిటీ తన మొదటి కాలిక్యులస్ కోర్సుకు క్రెడిట్ ఇస్తుంది. అక్కడిదే ఇంకో యూనివర్సిటీ, కాల్‌టెక్, అసలే ఇవ్వదు.

మన ఇంటర్ ఎంపీసీ పిల్లలకు ఇంకో కారణం ఉంది. అవధులు, అవకలనం, సమాకలనం ఎలాగూ చదువుతారు. కాలిక్యులస్ ఏబీ పరీక్షలో అధికభాగం అదే. బీసీ రాయాలంటే శ్రేణుల అభిసరణం, టేలర్ శ్రేణి అదనంగా నేర్చుకోవాలి. సగం దారి నడిచినవాళ్లు మిగతా సగం చూసి వద్దామనుకోవడం సహజమే.

నాకు అన్నిటికంటే ఇష్టమైన కారణం మాత్రం వేరు. వన్‌టౌన్‌లో ఉండే పదకొండో తరగతి అమ్మాయి ఒకతె నా దగ్గరికి లెక్కలకు వస్తుంది. డాబా తుడిచిన గంటకే మళ్లీ నల్లటి దుమ్ము చేరుతుందని, శీతకాలం పొద్దున అది మరీ ఎక్కువని వాళ్లింట్లో రోజూ గొణుగుడు. ఎందుకు ఎక్కువ అన్నది ఆమె అనుమానం. ఈ పరీక్షల్లోని ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ సిలబస్‌లో ఉష్ణోగ్రతా విలోమం అన్న పాఠం కనిపించేసరికి పట్టుకుంది. మామూలుగా నేల దగ్గరి గాలి వెచ్చగా ఉండి, పొగనూ దుమ్మునూ వెంట తీసుకుని పైకి లేస్తుంది. చలికాలపు రాత్రి నేల తొందరగా చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలిని కూడా చల్లబరుస్తుంది. వెచ్చని పొర పైన నిలుస్తుంది. కింది గాలి బరువుగా ఉండి లేవలేదు, దుమ్మూ అక్కడే ఉండిపోతుంది. పైగా ఒక పక్క యారాడ కొండ, ఇంకో పక్క సింహాచలం కొండలు, నడుమ గిన్నెలాంటి మన ఊరు. పొద్దెక్కి నేల వేడెక్కేదాకా అంతే. ఆ అమ్మాయి మిగతా సిలబస్ మొత్తం చదివింది ఈ ఒక్క పాఠం ఇచ్చిన ఊపుతోనే.

మాస్టారు లేకపోతే తప్పులు ఎవరు దిద్దుతారని అడుగుతారు కదా. కాలేజ్ బోర్డ్ పాత వ్యాసరూప ప్రశ్నలతో పాటు వాటిని దిద్దే పద్ధతిని, కొందరు విద్యార్థులు రాసిన జవాబులను కూడా అందరికీ అందుబాటులో పెడుతుంది. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో 80 బహుళైచ్ఛిక ప్రశ్నలు, 3 వ్యాసరూప ప్రశ్నలు ఉంటాయి. వ్యాసరూప ప్రశ్న ఒక్కొక్కటి 10 పాయింట్లు. ఆ అమ్మాయి నోటుబుక్కులో ఎడమ పేజీ జవాబుకు, కుడి పేజీ దిద్దుబాటుకు. ‘గుర్తించండి’ అన్నచోట అరపేజీ రాసింది, ఒక్క మాట చాలు. ‘వివరించండి’ అన్నచోట కారణం చెప్పకుండా ఫలితం మాత్రమే రాసి పాయింటు పోగొట్టుకుంది. లెక్కలో జవాబు సరిగ్గానే వచ్చింది, కానీ చేసిన మెట్లు చూపించలేదు, అక్కడా సున్నా. తన చేత్తో తనకే సున్నా వేసుకోవడం పదకొండో తరగతిలో ఎంతమందికి చేతనవుతుంది? మా క్లాసుల్లో ఆ పని మేమే చేసేవాళ్లం, పిల్లలు మార్కు చూసి కాగితం మడిచేవాళ్లు.

ఇక నాకు చిరాకు తెప్పించే కారణం. కాలేజీ దరఖాస్తులో వరుసగా అంకెలు కనిపించాలని, పక్కింటివాడు నాలుగు పరీక్షలు రాస్తే మనం ఆరు రాయాలని ఫీజు కట్టడం. సొంతంగా చదివిన పరీక్ష స్కూలు మార్కుల పట్టికలో కోర్సుగా కనిపించదు. మిగిలేది ఆ స్కోరొక్కటే. పన్నెండో తరగతి మే నెలలో రాస్తే ఫలితం జూలైలో వస్తుంది, అప్పటికి అమెరికాలో సీట్ల నిర్ణయాలు అయిపోయి ఉంటాయి. ఆ ఏడు రాసినది క్రెడిట్‌కే తప్ప సీటుకు పనికిరాదు. ఈ చిన్న లెక్క తల్లిదండ్రులకు ఎవరూ చెప్పరు.

మీలో ఎవరికైనా నిజంగా రాయాలనిపిస్తే రెండు సంగతులు చూసుకోండి. బయటి స్కూలు పిల్లల్ని పరీక్షకు కూర్చోబెట్టడం పరీక్ష కేంద్రం ఇష్టం. పేరు నమోదు సాధారణంగా ముందు ఏడాది నవంబరు మధ్యకల్లా ముగుస్తుంది కాబట్టి ఆగస్టులోనే అడగడం మొదలుపెట్టండి. రెండోది, ఫిబ్రవరి, మార్చిల్లో బోర్డు పరీక్షలు, ఏప్రిల్‌లో జేఈఈ మెయిన్ రెండో విడత, మేలో ఈఏపీసెట్. ఆ మధ్యలో ఇంకొకటి దూర్చడం కంటే పదకొండులోనే రాసేయడం మేలు.

పుస్తకం కొనకముందు పాత ప్రశ్న ఒకటి తీసుకుని గడియారం పెట్టుకుని రాయండి, మీరే దిద్దుకోండి. ఆ తర్వాత కూడా చదవాలనిపిస్తే ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చోవడానికి చోటుకు కొదవ లేదు. దిద్దిన కాగితాలు నాకు చూపించవచ్చు, సాయంత్రం ఐదు దాటాక ఇంట్లోనే ఉంటాను. కాలిక్యులస్ అయితే మళ్లీ ఒకసారి నేనూ దిద్దుతాను. సైకాలజీ మాత్రం తేకండి, అందులో మీకంటే నేనే వెనకబడి ఉన్నాను.

ఇట్లు,
మీ లెక్కల తాతయ్య
సీతమ్మధార, విశాఖపట్నం