బొమ్మా బొరుసా: నా క్లాసులో ఏటా వినిపించే అపోహలు

2025 డిసెంబరు 6న మన విశాఖ స్టేడియంలో కేఎల్ రాహుల్ టాస్ గెలిచాడు. అంతకుముందు టీమిండియా వరసగా 20 వన్డేల్లో టాస్ ఓడింది. సోమవారం ఏడో తరగతిలో అడుగు పెట్టానో లేదో, "ఈసారి గెలవాల్సిందే కదా టీచర్!" అన్నారు.

అపోహ: వరసగా ఓడితే తర్వాత గెలిచే అవకాశం పెరుగుతుంది.

వాస్తవం: పెరగదు. కిందటిసారి ఏం పడిందో బిళ్ళకేం తెలుసు? వరసగా 20 ఓడే అవకాశం 10,48,576లో ఒకటి, నిజమే. కానీ అది ఒక్క టాసూ వేయకముందు కట్టే లెక్క. 20 అయిపోయాక మిగిలింది ఒక్కటే, దానికి ఎప్పటిలాగే 1/2.

అపోహ: రెండు బిళ్ళలు వేస్తే రెండూ బొమ్మ, రెండూ బొరుసు, చెరొకటి. మూడే కాబట్టి ఒక్కోదానికి 1/3.

వాస్తవం: పిల్లల్ని కోప్పడకండి. ఫ్రెంచి గణితవేత్త డాలంబేర్ అంతటివాడే 1754లో ఇక్కడే పడ్డాడు. రెండుసార్లు వేస్తే కనీసం ఒక బొమ్మ పడే అవకాశం 2/3 అని రాశాడు. అసలు జవాబు 3/4.

నేను ఒక రూపాయి బిళ్ళ, ఒక ఐదు రూపాయల బిళ్ళ ఇస్తాను. రూపాయి బొమ్మ, ఐదు బొరుసు పడడం వేరు. రూపాయి బొరుసు, ఐదు బొమ్మ పడడం వేరు. వరసగా రాయిస్తే నాలుగొస్తాయి. అందులో "చెరొకటి" రెండుసార్లు ఉంది, అంటే 2/4. "రెండూ రూపాయి బిళ్ళలే అయితేనో?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఒకదాని మీద పెన్నుతో చుక్క పెట్టమంటాను. చుక్క పెట్టినంత మాత్రాన బిళ్ళ పడే తీరు మారదు కదా!

అపోహ: 10 సార్లు వేస్తే 5 బొమ్మలు రావాలి.

వాస్తవం: 10 టాస్‌లు 1,024 రకాలుగా పడొచ్చు. సరిగ్గా 5 బొమ్మలుండేవి 252, పావు వంతు కూడా లేవు. 40 మంది పిల్లల్లో ఏ పదిమందికో వస్తుందంతే. అందరివీ కలిపి 400 టాస్‌లు బోర్డు మీద కూడితే మాత్రం బొమ్మలు సగానికి దగ్గరగా వస్తాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త బ్యుఫాన్ ఒక పిల్లవాడి చేత 4,040 సార్లు వేయిస్తే 2,048 బొమ్మలు పడ్డాయి.

అయినా నోటుబుక్కులో 6ని 5గా దిద్దేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. పట్టుకోవడం కష్టమేం కాదు. ఒక బెంచీ బెంచీ అంతా 5, 5, 5, 5.