హైతీలో భూమి కంపిస్తే మయామీలో క్యూ ఎందుకు కడతారు?

కరీబియన్ దేశం హైతీలో ఏ విపత్తు వచ్చినా అమెరికాలో, మయామీలోని హైతీ కమ్యూనిటీ సెంటర్లు నిండిపోతాయి. ఇంటికి ఫోన్ కలవక టెన్షన్ పడేవాళ్ళు, మందులూ బట్టలూ మోసుకొచ్చేవాళ్ళు, వాళ్ళతో పాటే "నా వర్క్ పర్మిట్ సంగతేంటి" అని అడిగేవాళ్ళు. ఇక్కడి కాగితాల పని వేరు, అక్కడికి పంపే సాయం వేరు అని బయటివాళ్ళకు అనిపిస్తుంది. నాకు మాత్రం రెండూ ఒకటే పని. దీని వెనక యాభై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది.

1957లో హైతీలో నియంత ఫ్రాన్స్వా దువాలియే అధికారంలోకి వచ్చాక ముందు డాక్టర్లు, లాయర్లు, టీచర్లు న్యూయార్క్‌కీ మాంట్రియల్‌కీ వెళ్ళిపోయారు. విమానం టికెట్టు కొనలేనివాళ్ళకు పడవలే దిక్కయ్యాయి. 1972 డిసెంబరులో 65 మందితో ఒక పడవ ఫ్లోరిడాలోని పాంపానో బీచ్ చేరింది, ఆ తర్వాత అలాంటివి వస్తూనే ఉన్నాయి. అదే సముద్రం దాటొచ్చిన క్యూబా వాళ్ళకు 1966 నాటి చట్టం కింద స్థిర నివాసం దొరికేది, హైతీ వాళ్ళకు మాత్రం జైలూ, వెనక్కి పంపడమూ. క్యూబా కమ్యూనిస్టు శత్రువు, దువాలియే తండ్రీకొడుకులు కమ్యూనిస్టు వ్యతిరేకులు; కాబట్టి మిత్రుడి దేశం నుంచి పారిపోయి వచ్చినవాడు రాజకీయ శరణార్థి కాదు, పొట్టకూటి కోసం వచ్చినవాడు అని తేల్చేశారు. ఈ అన్యాయమే అన్నిటికీ మూలం.

దీని మీద పోరాడటానికే డెబ్బైల్లో మయామీలో హైతియన్ రెఫ్యూజీ సెంటర్ పుట్టింది. జెరార్ జాన్-జుస్త్ అనే ఫాదర్ దాన్ని ముందుండి నడిపించారు. నాలుగు వేల మందికి పైగా శరణార్థుల తరఫున ఆ సెంటర్ వేసిన కేసులో, 1980లో జడ్జి జేమ్స్ లారెన్స్ కింగ్ ప్రభుత్వం వివక్ష చూపిందని స్పష్టంగా తీర్పు ఇచ్చారు. అంత పెద్ద గెలుపు వచ్చిన మరుసటి ఏడాదే రీగన్ ప్రభుత్వం పడవల్ని తీరం చేరకముందే సముద్రంలో ఆపడం మొదలుపెట్టింది. ఆ అక్టోబరులోనే 33 మంది శవాలు ఫ్లోరిడా తీరానికి కొట్టుకొచ్చాయి.

2000లో జెప్సీ మెటెలస్ తదితరులు మయామీలో హైతీ వాళ్ళుండే పేట లిటిల్ హైతీలో శాంట్ లా అనే సెంటర్ మొదలుపెట్టారు. ఉద్యోగాలు, పన్ను రిటర్నులు, ఇమిగ్రేషన్ ఫారాలు, ఇలా రోజువారీ బతుకుకు కావలసినవే దాని పని. అది నడుస్తుండగానే 2010 జనవరి 12న 7.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. మృతుల సంఖ్య మూడు లక్షలు దాటిందని హైతీ ప్రభుత్వం చెప్పింది, అంతకన్నా చాలా తక్కువ అన్న అంచనాలూ ఉన్నాయి.

కొద్ది రోజులకే అమెరికా అప్పటికే తన గడ్డ మీద ఉన్న హైతీ వాళ్ళకు తాత్కాలిక రక్షణ హోదా (టీపీఎస్) ఇచ్చింది. 18 నెలల పాటు వెనక్కి పంపరు, పని చేసుకోవచ్చు. కానీ ఫారాలు ఇంగ్లీషులో, ఫీజు వందల డాలర్లలో, సెంటర్లకు వచ్చినవాళ్ళలో చాలామందిది హైతీ భాష క్రియోల్.

ఇక అక్కడికి వెళ్ళిన పెద్ద డబ్బు సంగతి చూడండి. అమెరికన్ రెడ్ క్రాస్ దాదాపు 50 కోట్ల డాలర్లు సేకరించింది, కట్టిన శాశ్వత ఇళ్ళు ఆరేనని 2015లో ప్రోపబ్లికా, ఎన్‌పీఆర్ అనే అమెరికా వార్తా సంస్థలు బయటపెట్టాయి (1,30,000 మందికి పైగా నీడ కల్పించామన్నది సంస్థ వాదన). ఐక్యరాజ్యసమితి శాంతి సైనికుల క్యాంపు నుంచి పాకిన కలరా దాదాపు పదివేల మందిని మింగింది. అదే సమయంలో మయామీలో హోటల్ గదులు తుడిచే మనిషి పంపిన డబ్బు నేరుగా వాళ్ళమ్మ చేతికి చేరింది. హైతీ జీడీపీలో ఇలా వచ్చే సొమ్ము దాదాపు ఐదో వంతు. ఆ సొమ్ము పంపాలంటే ఉద్యోగం ఉండాలి, ఉద్యోగానికి పర్మిట్ కావాలి. అందుకే ఫారం నింపే బల్ల దగ్గర జరిగేదే అసలైన విపత్తు సాయం అంటాను.

ఆ పర్మిట్ ఇచ్చే టీపీఎస్ హోదాకూ స్థిరత్వం లేదు. 2017లో రద్దన్నారు, కోర్టులు ఆపాయి. 2021లో కొత్తగా ఇచ్చారు. అదే ఏడు జూలైలో హైతీ అధ్యక్షుడు మోయిజ్ హత్య, ఆగస్టులో 2,200 మందికి పైగా చనిపోయిన మరో భూకంపం. 2025లో మళ్ళీ రద్దు ప్రకటన, మళ్ళీ కోర్టులు. వెనక్కి వెళ్ళమంటున్న ఆ దేశంలో అప్పటికే పది లక్షలకు పైగా జనం ముఠాల హింసకు ఇళ్ళు వదిలేశారు, 2024 నవంబరులో విమానాలకు బుల్లెట్లు తగిలాక పోర్ట్-ఓ-ప్రిన్స్‌కు అమెరికా విమానాలే ఆగిపోయాయి.

మయామీలోనూ నిలకడ లేదు. లిటిల్ హైతీ కాస్త మెరక మీద ఉండటంతో, సముద్రమట్టం పెరుగుతుందన్న భయంతో రియల్ ఎస్టేట్ వాళ్ళ కన్ను దాని మీద పడింది, అద్దెలు పెరిగి చాలా కుటుంబాలు నార్త్ మయామీ వైపు కదిలాయి. శాంట్ లా కూడా ఇప్పుడు అక్కడే ఉంది.