బస్తీల్లో ఫుడ్ ప్రాజెక్టులు: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

వైజాగ్‌లో బస్తీ ఆడవాళ్ల గ్రూపులతో కలిసి వంటలు, కుండీల్లో ఆకుకూరలు, పప్పులు కలిపి కొనుక్కోవడం లాంటి పనులు చేస్తుంటాను. ఏం చేస్తారండీ అని అడుగుతారు, నేను చెప్పేలోపే పేదోళ్ల తిండి గురించి నాకే క్లాసు పీకేస్తారు. అందుకే ఇవి రాస్తున్నా.

అపోహ: వాళ్లకి అవేర్‌నెస్ లేదండీ, అది కల్పిస్తే చాలు.

నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించే మాట ఇదే. జాలారిపేటలో చేపలమ్మే ఆవిడ తెల్లారకముందే హార్బర్‌లో చేపల వేలంపాట దగ్గర ఉండాలి, కొన్న చేపకి ఐస్ వేసుకుని, నలుగురూ కలిసి ఆటో మాట్లాడుకుని, కాలనీల్లో తిరిగి అమ్ముకుని ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోద్ది, ఈలోపు కుళాయి వచ్చి ఆగిపోయి ఉంటుంది, పిల్లలు ఏదో ఒక చిప్స్ ప్యాకెట్‌తో కడుపు నింపేసుకుని ఉంటారు. తోటకూర మంచిదని ఆవిడకి తెలీకేం కాదు. ఆ కట్ట బాగుచేసి, ఇసక పోయేదాకా కడిగి వండాలంటే టైము, నీళ్లు, గ్యాసు మూడూ ఉండాలి కదా. పైగా రోజు డబ్బులతో నడిచే ఇంట్లో నూనె లీటరు కొనరు, చిన్న ప్యాకెట్ కొంటారు, పప్పు వంద గ్రాములు కట్టించుకుంటారు, లెక్కేస్తే మనకంటే వాళ్లే ఎక్కువ రేటు కడుతున్నారు. అందుకే మేం క్లాసులతో మొదలుపెట్టం. పది ఇళ్లవాళ్లు వారం వారం కాస్త కాస్త వేసుకుని పూర్ణా మార్కెట్‌లో కందిపప్పు మూట ఒకటి దించుకుని పంచుకుంటారు. దానికి ఏ చార్టులూ అక్కర్లేదు, ఒక తూకం, ఒక నోట్‌బుక్ ఉంటే చాలు. గొడవలు కూడా వస్తాయి లెండి, ఎవరి వాటా తగ్గిందని.

అపోహ: రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ కలిపేస్తున్నారు.

కడిగేటప్పుడు కొన్ని గింజలు పైకి తేలతాయి, రంగు కూడా కొంచెం తేడాగా ఉంటుంది. ఒకావిడ అయితే వాటిని ఒక్కొక్కటే ఏరి సాసర్లో పట్టుకొచ్చి, "ఇదిగో మేడమ్, ఇవి మా పిల్లలకెట్టమంటారేటి?" అని నా ముందు పెట్టింది. అవి ఫోర్టిఫైడ్ గింజలు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి మిషన్‌లో మళ్లీ గింజలా ఒత్తి, క్వింటా బియ్యానికి కిలో లెక్కన కలుపుతారు. పిండితో చేసినవి కాబట్టి కొన్ని తేలతాయి. ఆ సాసర్లోవే అక్కడే చిన్న గిన్నెలో ఉడికించాం, మెత్తగా అన్నం అయిపోయాయి, ప్లాస్టిక్ అయితే అలా ఉడకదు కదా. ఏరి పారేస్తే పోయేది ఐరనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఏపీలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది, ఆర్నెల్ల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 63.2 శాతం. తలసీమియా, సికిల్ సెల్ లాంటి పుట్టుకతో వచ్చే రక్తజబ్బులు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని ఒకసారి అడిగితే మంచిది.

అలాగని ఈ బియ్యమే రక్తం పట్టించేస్తుందని నేననను. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు మన దగ్గర గట్టిగా ఉంది, తిండిలోని ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టకుండా అది అడ్డం పడుతుంది. పప్పులో నిమ్మకాయ పిండుకోండి, టీ ఒక గంట ఆగి తాగండి. టీ ఆగి తాగడానికైతే పైసా ఖర్చు లేదు.

అపోహ: ఒళ్లున్న మనిషికి పోషకాహార లోపమేంటి?

ఉంటుంది. పాలిష్ బియ్యం, నూనె, పంచదార టీ, పప్పు పల్చగా, గుడ్డు ఎప్పుడో. బరువు పెరుగుతారు, రక్తం తక్కువే ఉంటుంది, తర్వాత షుగరూ బీపీ. అదే సర్వేలో రాష్ట్రంలో మూడో వంతుకి పైగా ఆడవాళ్లు అధిక బరువు ఉన్నారు.

అపోహ: నాలుగు కుండీలు పెట్టుకుంటే కూరగాయల ఖర్చు ఉండదు.

ఉంటుందండీ. ఒక్క గది అద్దెకున్నోళ్లకి డాబా ఎవరిస్తారు, ఇచ్చినా నీళ్లు కారుతున్నాయని ఓనర్ గొడవ. కుండీల్లో బాగా వచ్చేది ఆకుకూరే, తోటకూర నెల తిరక్కుండా కోతకొస్తుంది, టమాటా ఉల్లిపాయ బజార్లో కొనాల్సిందే. వన్‌టౌన్, మల్కాపురం వైపు పోర్టు దుమ్ము ఆకుల మీద నల్లగా పేరుకుంటుంది, బాగా కడగాలి, డ్రైనేజీ పక్క మట్టిలో అసలు వేయొద్దు. మరి ఎందుకు పెట్టిస్తాం అంటే, సాయంత్రం నీళ్లు పోసే వంకతో ఒకరినొకరు చూసుకుంటారు. ఒంటరిగా ఉండే పెద్దావిడ రెండు రోజులు కనపడకపోతే వెళ్లి తలుపు కొట్టేది ఈ కుండీల బ్యాచ్చే.

అపోహ: 5 రూపాయలకి అన్న క్యాంటీన్ ఉందిగా, ఇంకా ఇవన్నీ దేనికి?

క్యాంటీన్ మంచిదే, పనికెళ్లే మనిషికి చాలా ఆసరా. ఇంట్లో ఉన్న ఏడాదిన్నర పిల్లాడు అక్కడికెళ్లి తినడు కదా. వాడికి అంగన్‌వాడీ. శ్రీకాకుళం, ఒడిశా నుంచి పనికొచ్చి ఇక్కడుంటున్న కుటుంబాలు చాలామంది పిల్లల పేరే రాయించుకోరు, మా పనిలో సగం అది రాయించడమే.

అపోహ: ఫంక్షన్‌లో మిగిలింది పంపిస్తే అదే పెద్ద సాయం.

ముహూర్తాల సీజన్‌లో రాత్రి పదకొండు దాటాక ఫోన్లు వస్తాయి, బిర్యానీ మిగిలింది రండి అని. మధ్యాహ్నం వండింది, మన ఉక్కకి, మూత పెట్టి ఉంటుంది. వండిన ఆహారం 60 డిగ్రీల పైన వేడిగా ఉంచాలి, బయట రెండు గంటలు దాటకూడదు. అన్నంలో పెరిగే ఒక బ్యాక్టీరియా విషం మళ్లీ వేడిచేసినా పోదు. మిగిలిన ఆహారం పంచడానికి 2019లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రూల్సే పెట్టింది. వద్దంటే మాత్రం "పేదోళ్లకి కూడా ఇంత సెలక్షనా" అని ఫోన్ పెట్టేస్తారు.

పంపాలనుంటే క్యాటరింగ్ వాళ్లతో ముందే మాట్లాడి, వడ్డన మొదలవ్వకముందే విడిగా తీయించి, వేడిగా ఉండగానే పంపండి. లేదంటే పొద్దున్నే ఫోన్ చేయండి, కందిపప్పు, వేరుశనగ గుళ్లు, చోళ్లు (రాగులు), ఒక అట్ట గుడ్లు, ఏదైనా సరే మేం వచ్చి పట్టుకెళ్తాం.