చెరువు నీళ్ల సీసా: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు జిల్లా కోవూరు దగ్గర ఒక ఆక్వా ల్యాబ్‌లో పని చేస్తున్నాను. రైతులు తెచ్చే రొయ్యల గుంట నీళ్లలో ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) చూసి చెప్పడం నా ఉద్యోగం. బల్ల మీద నా సొంతానికి ఒక ఐదు లీటర్ల గాజు సీసా ఉంటుంది. అందులో చేపలు లేవు, చెరువు నీళ్లలోని చిన్నచిన్న జీవుల్ని చూడటానికి పెంచుతున్నాను. వచ్చినవాళ్లంతా "ఏముంది సార్ ఇందులో, మురికినీళ్లేగా" అంటారు.

అపోహ: నీళ్లు తేటగా ఉండాలి, వారానికోసారి మార్చాలి.

అది చేపల తొట్టి అలవాటు. ఇక్కడ చూడాల్సినవన్నీ పాకురులో, బురదలో, కుళ్లిన ఆకు మీదే ఉంటాయి. సీసా కడిగితే వాటినే కడిగి పారబోసినట్టు. అడుగున రెండు వేళ్ల మందం చెరువు బురద, పైన టీ వడపోతలో వడకట్టిన చెరువు నీళ్లు, హైడ్రిల్లా అనే నీటి మొక్క కొమ్మలు రెండు చాలు. వడకట్టకపోతే తూనీగ పిల్లలు దూరి మిగతావాటిని తినేస్తాయి. ఫిల్టర్ మోటారు అసలొద్దు. నీళ్లు ఆవిరై తగ్గితే వాన నీళ్లు పోయండి. మా వైపు బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పన, పోసేకొద్దీ ఉప్పు పేరుకుంటుంది. కుళాయి నీళ్లే దిక్కైతే క్లోరిన్ పోవడానికి ఒక రోజు మూత లేని బకెట్‌లో ఉంచండి.

ఎండ నేరుగా తగలకూడదు. ఒక మే నెలలో నేను సీసాను కిటికీలో మర్చిపోయాను. సాయంత్రానికి సాంబారు వాసన.

అపోహ: వెయ్యి రెట్లు చూపే మైక్రోస్కోప్ కావాలి.

వెయ్యి రెట్లలో పెడితే పారమీషియం అనే ఏకకణ జీవి కనపడకముందే పారిపోతుంది. అది మిల్లీమీటరులో నాలుగో వంతు ఉంటుంది, వంద రెట్లు చాలు. సైక్లాప్స్ అనే రొయ్య జాతి చిన్న జీవికైతే కళ్లే చాలు: రాత్రి సీసా పక్కన టార్చి పెడితే వెలుగులో గంతులేస్తూ కనిపిస్తాయి. తోకకు అటూ ఇటూ రెండు సంచులు వేలాడుతుంటే అది గుడ్లతో ఉన్న ఆడది.

చాలామంది చుక్క మీద చుక్క తీసి చూసి, ఏమీ లేదని విసుక్కుంటారు. దానికి నా చిట్కా ఒకటి. గాజు స్లైడ్‌కు దారం కట్టి నీళ్లలో వేలాడదీసి వారం వదిలేయండి. తీసి ఒక వైపు తుడిచి, రెండో వైపు చూడండి. డయాటమ్‌లు అనే గాజు పెంకుల నాచు, రోటిఫర్లు అనే చిన్న నీటి జీవులు, అదృష్టం ఉంటే వోర్టిసెల్లా గుంపు. గంట లాంటి ఒళ్లు, కింద సన్నటి కాడ. బల్లను వేలితో తడితే కాడ స్ప్రింగులా చుట్టుకుపోతుంది, కాసేపటికి మళ్లీ చాచుకుంటుంది. రొయ్య మొప్పల మీద చూసి మనం తిట్టుకునే జూథామ్నియం దీని చుట్టమే.

అపోహ: రొయ్యల గుంట నీళ్లు తెచ్చుకున్నా ఒకటే.

కాదు. సెలినిటీ (ఉప్పదనం) ఉన్న నీళ్లలో బతికేవి వేరు. మంచినీళ్లలో కలిపితే చాలావరకు చస్తాయి.

అపోహ: సైక్లాప్స్ ఉంటే నారికురుపు వస్తుంది.

నారికురుపు అంటే ఒంట్లో పొడవాటి పురుగు పెరిగే జబ్బు. దాని పిల్లపురుగును మింగిన సైక్లాప్స్ మన కడుపులోకి వెళితేనే ఆ జబ్బు. మన దేశంలో ఆ జబ్బు లేదని 2000లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. అయినా ఈ నీళ్లు తాగేవి కావు, చేతులు సబ్బుతో కడుక్కోండి.

"దోమలు పెరుగుతాయి"

ఇది అపోహ కాదు, నిజమే. పల్చటి గుడ్డ మూతికి బిగించి కట్టండి. టెన్షన్ ఉండదు.

అపోహ: చెరువు ఎండితే అన్నీ చచ్చినట్టే.

నాకిష్టమైనది ఇదే. నీళ్లు బాగున్నన్నాళ్లూ డాఫ్నియా అనే చిన్న నీటి జీవుల్లో ఆడవి మగతోడు లేకుండానే పిల్లల్ని కంటాయి. గడ్డురోజులు వస్తున్నాయని తెలిస్తే మగవి కూడా పుడతాయి, అప్పుడు గట్టి పెంకులో దాచిన గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు ఎండినా చావవు. మన వైపు పెద్ద వానలు అక్టోబరు వచ్చాకే కదా, అంతవరకూ పగుళ్లిచ్చిన మట్టిలో పడి ఉంటాయి. అన్నీ ఒకేసారి పొదగవు కూడా, కొన్ని తర్వాతి ఏళ్లకు మిగులుతాయి.

ఎండిన చెరువులోంచి పిడికెడు పెళ్ల తెచ్చి వాన నీళ్లలో వేసి చూడండి. పోయిన వేసవిలో నేను వేసిన పెళ్ల మూడు రోజులు ఊరికే బురదగా ఉంది. ఐదో రోజు ఆవగింజలో సగమంత పెంకు జీవి ఒకటి అడుగున గుండ్రంగా తిరిగింది. ఆ రోజు శాంపిల్ ఇవ్వడానికి వచ్చిన రైతు అరగంట కుర్చీ వదల్లేదు.